వేసవి కరెంటును వేసవిలోనే కొనాలా?

సంపాదకుడి గారికి,

గుంటూరులో మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. మా పై వాటాలోకి 2023 చివర్లో అద్దెకు వచ్చిన కుటుంబం ఏడాది తర్వాత ఒకరోజు కరెంటు బిల్లు పట్టుకొని కిందికి దిగివచ్చింది. అందులో 2022–23లో వాడిన కరెంటుకు సర్దుబాటు చార్జీ వేశారు. అప్పుడు ఆ వాటాలో ఉన్నవాళ్లు వేరు, ఖాళీ చేసి వెళ్లిపోయారు కూడా. సర్వీసు నంబరు అదే కాబట్టి బాకీ వీళ్ల మీద పడింది. రోజూ లెక్కల్లో మునిగే మనిషినే అయినా వాళ్లకు న్యాయమనిపించే జవాబు నా దగ్గర లేకపోయింది.

ఆ చార్జీ ఎందుకొచ్చిందో తెలిసిందే. మనకు కరెంటు సరఫరా చేసే విద్యుత్ పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, అనుకున్నదానికంటే ఎక్కువ రేటుకు కరెంటు కొన్నాయి. 2022 మార్చిలో ఏ రోజుకారోజు కరెంటు కొనే ఎక్స్ఛేంజీలో యూనిట్ 20 రూపాయల దాకా పోతే, ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 12 రూపాయలు దాటకూడదని పరిమితి పెట్టింది. ఆ ఏప్రిల్‌లోనే మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చారు. ఆ ఏడాది కొనుగోళ్ల తేడా 6 వేల కోట్లు దాటింది. దాన్ని జనం దగ్గర వసూలు చేయడం 2024 డిసెంబరులో మొదలైంది.

ఉక్రెయిన్ యుద్ధం వస్తుందనీ, బొగ్గు ధర అంత పెరుగుతుందనీ ఎవరూ ముందే చెప్పలేరు, ఒప్పుకుంటాను. కానీ మార్చి వస్తే ఏసీలు తిరుగుతాయని, మా స్టోరేజీల్లాంటివి పగలూ రాత్రీ నడుస్తాయని ప్రతి ఏడూ తెలిసిన సంగతే కదా.

మా దగ్గర సరుకు పెట్టే మిర్చి రైతు వంద టిక్కీలు (బస్తాలు) ఉంటే వందా ఒకే రోజు యార్డుకు తోలడు. కొన్ని కోతల్లో అమ్ముతాడు, కొన్ని దాచి రేటు చూసుకుంటూ విడతలుగా తీస్తాడు. కరెంటు కొనే డిస్కంకైనా అదే జాగ్రత్త ఉండాలి. వేసవికి కావలసిన కరెంటులో కొంత అక్టోబరులో, కొంత డిసెంబరులో టెండరు మీద ఖాయం చేసుకోవచ్చు. వానాకాలంలో తిరిగిచ్చే పద్ధతిలో ఉత్తరాది రాష్ట్రాల నుంచి కొంత తెచ్చుకోవచ్చు. ఈ దారులన్నీ ఇప్పుడూ ఉన్నవే. చివరి నిమిషపు లోటు మాత్రమే ఎక్స్ఛేంజీకి వదలాలి.

అలాగని ధర ఎక్కువగా ఉన్నప్పుడు టెన్షన్ పడి పాతికేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టడం ఇంకా పెద్ద పొరపాటు. పాత పవన, సౌర ఒప్పందాల రేట్లు ఎక్కువని 2019లో మన ప్రభుత్వం తిరగదోడబోయింది. కేసు రెండేళ్లకు పైగా నడిచి, ఒప్పందంలో రాసుకున్న రేటే కట్టాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది. అందుకే దీర్ఘకాలిక ఒప్పందం ఏదైనా సంతకానికి ముందే జనం ముందు పెట్టాలి.

మా స్టోరేజీ సంగతి చెప్తాను. కాంట్రాక్టు డిమాండ్ (మాకు ఎంత లోడు కావాలో ముందే ఒప్పుకునే పరిమితి) ఎక్కువ రాయించుకుంటే, వాడినా వాడకపోయినా అందులో 80 శాతానికి డిమాండ్ చార్జీ కట్టాల్సిందే. అంచనా తప్పితే నష్టం మాదే. డిస్కం అంచనా తప్పితే ఆ నష్టం కూడా సర్దుబాటు పేరుతో మా బిల్లులోకే వస్తోంది. కొనుగోలులో నిర్లక్ష్యం వల్ల పెరిగిన ఖర్చును, నిజంగా తప్పనిసరైన ఖర్చును విడదీసి చూడమని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిని కోరుతున్నాను.

వచ్చే ఏడాది ఖర్చులకు ఎంత ఆదాయం కావాలో చెప్పే వార్షిక ఆదాయ అవసరాల నివేదికను డిస్కంలు ఏటా నవంబరు నెలాఖరుకల్లా ఆ మండలికి ఇస్తాయి. వచ్చే వేసవికి ఎన్ని మెగావాట్లు, ఏ నెలలో, ఎవరి దగ్గర, ఏ రేటుకు ఖాయం చేశారో అందులో తెలుగులో ఒక పట్టికగా పెట్టించాలి. ఆ తర్వాత జరిగే బహిరంగ విచారణకు మా బిల్లులు తీసుకొని నేనూ వస్తాను. పై వాటా వాళ్లూ వస్తామన్నారు.

— ఒక కోల్డ్ స్టోరేజీ అకౌంటెంటు, గుంటూరు