మూతపడిన కర్మాగారాల్లో ఏటా ఫొటోలు తీయనివ్వండి: తిరుపతి జిల్లా కలెక్టర్‌ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారములు.

రేణిగుంట మండలం గాజులమండ్యంలోనూ, పొరుగున చిత్తూరులోనూ ఉన్న సహకార చక్కెర కర్మాగారాల్లో క్రషింగ్ ఆగిపోయి ఏళ్లు గడిచాయి. ఇలాంటి ఆవరణల్లో ఏటా అదే చోట నిలబడి ఫొటోలు తీసేందుకు ఒక అనుమతి విధానం ఏర్పరచవలసిందిగా కోరుతున్నాను.

ఒక్కసారి తీసిన ఫొటోలో తుప్పు, బూజు, వెలుగునీడలు కనిపిస్తాయి. చూడడానికి బాగుంటుంది, అంతకుమించి అది చెప్పేది తక్కువ. పాత ప్రింటు చేతిలో పట్టుకుని, పొగగొట్టం అంచు కిటికీ చట్రానికి మునుపు ఎక్కడ తగిలిందో మళ్లీ అక్కడే తగిలేదాకా ముందుకూ వెనక్కూ జరిగి, అదే లెన్సుతో, అదే ఎత్తులో, అదే నెలలో అదే వేళకు తీసిన రెండో ఫొటోను పక్కన పెట్టినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. నేను వెళ్లిన ఒక పాత కర్మాగారంలో మొదట యంత్రం ఉన్న చోట, తరువాత దిమ్మె మీద బోల్టులు మాత్రమే మిగిలాయి. గోడ పగులులోని రావి మొలక ఇటుకలను విడదీసేంత మానైంది. ఆ రెండు ఫొటోలను అక్కడ పనిచేసి విరమించిన పెద్దాయనకు చూపితే, ఖాళీ దిమ్మె మీద ఏ యంత్రం ఉండేదో, దానిని ఏ షిఫ్టులో ఎవరు నడిపేవారో పేర్లతో సహా చెప్పారు. ఆ జ్ఞాపకాలను నమోదు చేసుకోవడానికి మనకున్న వ్యవధి చాలా తక్కువ.

మూడోసారి వెళ్లినప్పుడు నన్ను గేటు దగ్గరే ఆపేశారు. పాత అనుమతి ఒక్క రోజుకే చెల్లిందన్నారు. కాపలాదారు తన బాధ్యత నిర్వర్తించారు, ఆయనను తప్పుపట్టను. రోజు అనుమతి ఈ పనికి సరిపోదన్నదే నా విన్నపం. జర్మనీలోని ఎస్సెన్‌లో 1986లో బొగ్గు తవ్వకం ఆగిన జోల్‌ఫెరైన్ గని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మన కర్మాగారాలకు అంతటి గుర్తింపు అడగడం లేదు. తుక్కుగా మారకముందు వాటి రూపం నమోదైతే చాలు.

అనుమతి ఏడాదిపాటు చెల్లేలా, ముందుగా తెలిపిన తేదీల్లో సిబ్బంది ఒకరి సమక్షంలో, కూలే ప్రమాదమున్న కప్పుల కిందికి వెళ్లకూడదన్న షరతుతో ఇప్పించండి. ప్రతి ఫొటో నకలు తేదీ, స్థానం వివరాలతో మీ కార్యాలయానికి అందజేస్తాము. 2022లో జిల్లాల విభజన జరిగినందున చిత్తూరు కలెక్టర్‌ గారితోనూ సంప్రదించి, యంత్రాల వేలం ప్రకటన వెలువడే ముందు ఒక్కసారైనా లోపలి భాగాలను పూర్తిగా ఫొటో తీయించే ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
తిరుపతికి చెందిన ఒక ఛాయాగ్రాహకుడు