మొక్కల జాబితా కోసం నెల రోజుల వెదుకులాట

కడియపులంక,
ఆదివారం సాయంత్రం.

ప్రియ మిత్రమా,

మీ ఊరి గ్రంథాలయంలోని పుస్తకాలకు ఒక జాబితా కట్టాలని, పేరు కొట్టగానే పుస్తకం దొరకాలని, అందుకు సులువైన సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పమని అమలాపురం నుంచి నీవు రాసిన ఉత్తరం అందింది. సరిగ్గా అదే పని మీద మా బాబాయి నర్సరీలో నెల రోజులుగా తలమునకలై ఉన్నాను కనుక, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా దగ్గర ఒక్కో మొక్కకు మూడు నాలుగు పేర్లు. హైదరాబాదు నుంచి ఫోను చేసినవారు వింకా కావాలంటారు, మడుల్లో పనిచేసే ఆడవాళ్లు దానినే బిళ్ళగన్నేరు అంటారు, తోటలు వేసే కాంట్రాక్టరు పంపిన కాగితంలో కాథరాంథస్ రోజియస్ అని ఉంటుంది. మూడూ ఒకటేనని బాబాయికి తెలుసు గాని, ఆయన అంట్లు కట్టడానికి వెళ్లిన వేళ ఫోను ఎత్తే కుర్రవాడికి తెలియదు.

మొదట ఆ పేర్లన్నీ ఎక్సెల్‌లో పెట్టాను. ఒక షీటులో 10,48,576 వరుసలు పడతాయి కాబట్టి చోటుకు లోటు లేదు. అయితే కుర్రవాడు కొన్ని వరుసలే చూపే ఫిల్టర్ పెట్టి తీయడం మరచిపోయి, సగం మొక్కలు మాయమయ్యాయని కంగారు పడ్డాడు, మరునాడు వేలు తగిలి ఒక ధర చెరిపేశాడు. తరువాత లిబ్రేఆఫీస్ బేస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఫారాలు, రిపోర్టులు, పట్టికల మధ్య సంబంధాలు అన్నీ ఉన్నాయి గాని, ఇద్దరికి చేపల పులుసు పెట్టడానికి పెళ్లి గుండిగ దించినట్టు అనిపించి మూసేశాను.

చివరికి కుదిరింది పట్టికలను దాచి వెదికే సాఫ్ట్‌వేర్ ఒకటి, డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్. అది ఉచితం, జాబితా అంతా ఒకే ఫైలులో ఉంటుంది కనుక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోవచ్చు. ప్రతి నిలువు వరుస పైన ఒక చిన్న పెట్టె ఉంటుంది; అందులో ‘బిళ్ళ’ అని కొడితే ఆ అక్షరాలున్న వరుసలు మాత్రమే మిగులుతాయి. ‘రైట్ చేంజెస్’ నొక్కితే తప్ప మార్పు ఫైలులోకి ఎక్కదు కాబట్టి, పొరపాటున వేలు తగిలినా భయం లేదు.

ఎక్సెల్ నుంచి ఇందులోకి తెచ్చేటప్పుడు జాబితాను సీఎస్‌వీగా, అంటే గడుల మధ్య కామాలు పెట్టిన మామూలు అక్షరాల ఫైలుగా, భద్రపరచాలి; అప్పుడు మాత్రం తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నదే ఎంచుకో. నేను మామూలు సీఎస్‌వీగా భద్రపరచి, తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోవడం చూసి ఒక పూట తల పట్టుకున్నాను. అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించిన జాబితా నీ దగ్గర ఉంటే దానిని, కంప్యూటరు తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చక తప్పదు, ఎందుకంటే కంటికి తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే.

మరొక చిక్కు బోగన్‌విల్లియా దగ్గర వచ్చింది. ‘న’కింద ‘వి’ అతుక్కోకుండా టైపు చేసినప్పుడు మధ్యలో కనిపించని ఒక గుర్తు చేరుతుంది. అతికించి కొట్టినవాడికి ఆ మొక్క దొరకదు. అందుకని ‘ఇతర పేర్లు’ అని ఒక నిలువు వరుస చేర్చి, అందులో రెండు రాతలూ, కాగితం పూలు అన్న పేరూ పెట్టాను. నీ జాబితాకు కూడా ఈ వరుస కావాలి. ఒక పాఠకుడు రచయితను ఇంటిపేరుతో అడిగితే, మరొకరు కలం పేరుతో అడుగుతారు కదా.

మొదటి ఇరవై పుస్తకాల వివరాలు పంపితే ఫైలు కట్టి తిప్పి పంపుతాను. చెల్లెమ్మ అడిగిన కడిమి మొక్కను పక్కన పెట్టించాను; జాబితాలో అది కదంబం పేరుతో ఉంది, అయినా కుర్రవాడే వెదికి తీశాడు.

నీ మిత్రుడు