వాంతులు, విరేచనాలు: అన్ని ఫ్లాట్ల వారికీ మనవి

అందరికీ నమస్కారం.

మన బ్లాకులో కొందరు పిల్లలకు వాంతులు, విరేచనాలు అవుతున్నాయి. నోరోవైరస్ లాంటివి కడగని చేతులు, లిఫ్టు బటన్లు, తలుపు గడియల ద్వారా ఇట్టే పాకుతాయి.

శానిటైజర్‌ను నమ్ముకోకండి, ఈ వైరస్‌పై అది సరిగా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల సందులతో సహా, రుద్ది కడగండి.

వాంతి పడిన చోటును బ్లీచింగ్ నీళ్లతో తుడవండి.

తగ్గాక కూడా 48 గంటలు పిల్లలను బడికి, ఆటలకు పంపకండి. జబ్బుపడిన పెద్దలు కూడా తగ్గాక 48 గంటలు గడిచేదాకా వంట చేయకూడదు. దయచేసి ఇది మాత్రం తప్పకుండా పాటించండి.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆదివారం ఉదయం 9 గంటలకు సంపు, ట్యాంకులు కడిగిస్తున్నాం. శనివారం రాత్రే నీళ్లు పట్టుకోండి.