కళ్ళ సంగతి ఎప్పుడు చెబుదామనుకున్నావు

చిన్నీ,

ఎలా ఉన్నావు, టైముకి తింటున్నావా. ఇక్కడ మాగాయ ముక్కలు ఎండబెట్టా, నాన్న షుగరు పర్లేదు. పద్మ పిన్ని ఫోన్ చేసి నువ్వు లేసిక్, అదే అద్దాలు పోవడానికి చేసే లేజర్ ఆపరేషన్, చేయించుకుంటున్నావంది, వాళ్ళ స్వాతితో అన్నావట. నాతో ఎందుకు అనలేదో అడగనులే, పది రోజులుగా ఎప్పుడు చేసినా మీటింగే కదా.

వద్దనట్లేదమ్మా. మైనస్ 5.5 తో ఎంత అవస్థ పడ్డావో నాకు తెలీదా. కానీ శీను బావ సంగతి గుర్తుందా, ఏదో ఆఫర్ ఉందని పరిగెత్తాడు, ముందు కాంటాక్ట్ లెన్సులు రెండు వారాలు ఆపి రమ్మన్నారు, అవి పెట్టుకుంటే కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, షేపు మారి కొలతలు తప్పొస్తాయట, సరే ఆగి వెళ్తే టోపోగ్రఫీలో, అదే ఆ పొర షేపు కొలిచే పరీక్షలో, కార్నియా కింద వైపు ఉబ్బుతున్నట్టు తేలింది, కెరటోకోనస్ అన్నారు, లేజర్ చెయ్యడం కుదరదన్నారు, వీడు అలిగి ఇంకో చోటికెళ్తే వాళ్ళు సరేనన్నారు, మీ అత్తయ్య ఏడ్చి గోల చేసి మూడో డాక్టరుకి చూపిస్తే ఆయన కేకలేశాడు, అసలే బలహీనంగా ఉన్నదాన్ని చెక్కితే ఇంకా ఉబ్బి చూపు పోతుందని. క్రాస్‌లింకింగ్ అని కార్నియాని గట్టిపరిచే చికిత్స చేసి ఆ ఉబ్బు ఆపారు గానీ అద్దాలు అలాగే ఉన్నాయి. వాడికీ నీలాగే కళ్ళు నులిమే అలవాటు. అందుకే నాకు నిద్ర పట్టట్లేదు. నీ డస్ట్ ఎలర్జీ, ఆ నులుముడూ డాక్టరుకి చెప్పావా?

కార్నియా మందం మొత్తం అర మిల్లీమీటరే, అంటే సుమారు 500 మైక్రాన్లే అట, పొర లేపి చెక్కాక కింద కనీసం 250 మైక్రాన్లు మిగలాలట. పల్చగా ఉంటే పొర లేపకుండా చేసే పీఆర్‌కే ఉంది, నొప్పి ఎక్కువ, చూపు కుదురుకోడానికి టైం పడుతుంది, అయినా అదే నయం. పవర్ ఏడాదిగా మారలేదు కదా? చాలామందికి బాగానే కుదురుతుంది, స్వాతి హాయిగా ఉంది, కాకపోతే మొదట్లో కొన్ని నెలలు కళ్ళు పొడారిపోయి, రాత్రిపూట హెడ్‌లైట్ల చుట్టూ వలయాలు కనిపించేవంది. నువ్వేమో పొద్దస్తమానం ఏసీలో కంప్యూటర్ ముందే. ఇంకోటి, అద్దాలు పోయినా కనుగుడ్డు లోపల పొడుగ్గానే ఉంటుంది, ఏటా రెటీనా, అదే కంటి వెనక పొర, చూపించుకోవాల్సిందే, నలభై దాటాక చదవడానికి మళ్ళీ అద్దాలొస్తాయి. ఆపరేషన్ ముందు రిపోర్టులు పారేయకు, రేపు శుక్లాల ఆపరేషన్‌కి లెన్సు లెక్క కట్టాలంటే అవి కావాలి.

మళ్ళీ లెక్చర్ అనకు. చేయించుకున్నాక కన్ను నులిమితే పొర జరుగుతుంది, నిద్రలో కూడా, షీల్డు పెట్టుకునే పడుకో, తలంటుకోవద్దు, కళ్ళలోకి నీళ్ళు పోతాయి. చుక్కలు టైం ప్రకారం నీ రూమ్మేట్ వేస్తుందా, నేను వేస్తా. డేట్ చెప్పు, నాన్న బస్సు టికెట్ చేస్తారు. రాత్రికి ఫోన్ చెయ్యి, ఎంత లేటైనా సరే.

అమ్మ