ఒసాకా కెమెరామ్యాన్‌ గారికి కృతజ్ఞతలు

మా కెమెరామ్యాన్‌కు వీసా రాలేదు. షూటింగ్‌కు నాలుగు రోజులే ఉంది. జపాన్‌లోని ఒసాకాలో ఇద్దరు మనుషుల లోకల్ టీమ్‌ను ఫోన్‌లోనే మాట్లాడుకుని, అడ్వాన్స్ పంపి, టెన్షన్‌తోనే విమానం ఎక్కాం.

మొదటి రాత్రి దోతోన్‌బోరి కాలువ పక్కన, మన దగ్గరి అలవాటు కొద్దీ షట్టర్ 1/50 (సెకనులో యాభయ్యో వంతు) పెట్టమన్నాను. అక్కడి కెమెరామ్యాన్‌ గారు కాదనకుండా పెట్టి, మానిటర్ నా వైపు తిప్పారు. వెనక షాపుల లైట్లు చారలు చారలుగా మినుకుమంటున్నాయి. జపాన్‌లో కరెంటు రెండు రకాలు: టోక్యో వైపు మనలాగే 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. లైట్లు కరెంటు లయలోనే మినుకుమంటాయి, షట్టర్ దానికి కుదరకపోతే చారలొస్తాయి. షట్టర్ 1/60కి మార్చగానే చారలు పోయాయి. ఆయన చూడకపోతే ఆ రాత్రి తీసినదంతా పారేయాల్సి వచ్చేది.

డ్రోన్ బయటికి తీస్తే ఆపిందీ ఆయనే. 100 గ్రాములు, ఆపైన బరువుంటే అక్కడ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జనం కిక్కిరిసిన చోట ఎగరేయాలంటే విడిగా అనుమతి కావాలి. మా దగ్గర రెండూ లేవు.

చివరి రోజు వానలో రెండు గంటలు ఎక్కువ పనిచేశారు, అదనంగా డబ్బులిస్తే తీసుకోలేదు. ఫుటేజ్ రెండు హార్డ్ డిస్కుల్లో కాపీ చేసి, స్టేషన్‌ దాకా వచ్చి నా చేతిలో పెట్టారు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. మీ మేలు మరచిపోలేనండీ.