మా తాతగారి చివరి రోజుల్లో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

తాతగారి అంత్యక్రియలు ముగిశాయి. ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు, అయినా ఈ నాలుగు మాటలు వాయిదా వేయడానికి మనసొప్పక ఇప్పుడే రాస్తున్నాను.

తాతగారు భారత సైన్యంలోని మద్రాసు ఇంజనీర్ గ్రూపులో చేరి సుబేదారుగా పదవీ విరమణ చేశారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, పశ్చిమ సరిహద్దున బసంతర్ నది దగ్గర మన ట్యాంకుల కోసం మందుపాతరలు తొలగించి దారి చేసిన ఇంజనీర్లలో ఆయన ఒకరు. యుద్ధం గురించి ఎంత అడిగినా ఒకటి రెండు మాటలకు మించి చెప్పేవారు కాదు గానీ, చీకట్లో నేలను తడిమి తడిమి అడుగు వేసిన ఆ అలవాటు మాత్రం ఆయనను జీవితాంతం వదలలేదు. నల్లమల అంచుల్లో మమ్మల్ని వెంట తిప్పేటప్పుడు తడి ఇసుకలో కుక్క అడుగుకూ నక్క అడుగుకూ తేడా చూపేవారు. నల్లమద్ది బెరడు మీద మా చేతులు పెట్టించి, ఆ చెట్టు మొద్దులో నీళ్లు దాచుకుంటుందని చెప్పేవారు. వీలున్నచోటల్లా చెప్పులు విప్పి వట్టి కాళ్లతో నడవడం ఆయనకెంతో ఇష్టం.

అలాంటి మనిషిని ఆసుపత్రిలో జబ్బుకంటే ఆ నాలుగు గోడలే ఎక్కువగా కుంగదీశాయి. మా చేతిలోని మాజీ సైనికుల వైద్య పథకం కార్డు చూసి, రాత్రి కాపలా ఉండే సెక్యూరిటీ గార్డు ఒకరు మా దగ్గరికి వచ్చారు. ఆయనా హవల్దారుగా పనిచేసి వచ్చినవారే. మా పిలుపులకు కళ్లు తెరవని తాతగారి మంచం పక్కన నిటారుగా నిలబడి ఆయన “రామ్ రామ్, సుబేదార్ సాబ్” అనగానే, తాతగారి కుడిచెయ్యి దుప్పటిలోంచి పైకి లేచింది. మట్టి మీద కాళ్లు పెట్టాలని ఉందని తాతగారు మెల్లగా అంటే ఆయన దాన్ని పలవరింతగా కొట్టిపారేయలేదు. డ్యూటీ డాక్టరును తానే అడిగి ఒప్పించి, పని వేళ ముగిసినా ఇంటికి వెళ్లకుండా, చక్రాల కుర్చీని ఆవరణలోని వేపచెట్టు కిందికి తోసుకెళ్లారు. అక్కడ నేల మీద కూర్చుని, గుచ్చుకునే గులకరాళ్లన్నీ చేత్తో ఏరివేసి, తాతగారి పాదాలను ఒక్కొక్కటిగా మట్టికి ఆనించారు. తాతగారు కళ్లు మూసుకుని కాలివేళ్లు కదిలించారు. అది చూసి నేనిక తట్టుకోలేకపోయాను.

డబ్బు ఇవ్వబోతే ఆయన ముట్టుకోలేదు. సెలవు పెట్టుకుని అంత్యక్రియలకు వచ్చి, పతకాలు ఏ వరుసలో ఉంచాలో మాకు చూపించి, సెల్యూట్ చేసి వెళ్లారు. అడగకుండా పేరు రాయడం మర్యాద కాదు కాబట్టి రాయడం లేదు. అయ్యా, ఇది మీ దాకా చేరితే, మా కుటుంబం మీకు ఎప్పటికీ రుణపడి ఉంటుందని తెలుసుకోండి.

నానమ్మ, అమ్మానాన్నలు, బాబాయి, అత్తయ్య రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. వారికి నేను వేరుగా చెప్పవలసింది లేదు.

ఒక బాధ మాత్రం దాచుకోలేకపోతున్నాను. పింఛను కోసం, బతికే ఉన్నట్టు ప్రతి నవంబరులో ధ్రువపత్రం ఇవ్వవలసి వచ్చినప్పుడు, రాళ్లూ మట్టీ ఒరుసుకుని అరిగిన ఆయన వేలిముద్రలను యంత్రం గుర్తించేది కాదు. 2014లో డిజిటల్ పద్ధతి వచ్చాకే ఈ తిప్పలు మొదలయ్యాయి. ఇప్పుడు కుటుంబ పింఛను కోసం వెళ్తే, సర్వీసు రికార్డులో నానమ్మ పేరుకూ ఆధార్‌లోని పేరుకూ అక్షరం తేడా ఉంది, అఫిడవిట్ తెమ్మంటున్నారు. మందుపాతరల మధ్య నడిచిన మనిషి భార్య, ఆయన పోయిన దుఃఖంలో ఉండగానే, తాను ఆయన భార్యనని ఋజువు చేసుకోవలసి రావడం అన్యాయం. ఆ తేడాను ఆయన బతికుండగానే ఒక ఉత్తరంతో సరిచేయించి ఉండవచ్చు కదా ఆ కార్యాలయం!

రక్తం ఇచ్చిన యువకులకు, రాత్రి డ్యూటీ నర్సమ్మకు, అంబులెన్స్ డ్రైవరు గారికి, దరఖాస్తులు ఓపికగా నింపిపెట్టిన మాజీ సైనికులకు నమస్కారాలు. అన్నట్టు, తాతగారితో రోజూ ఉదయం నడిచే మిత్రులను ఇంతసేపూ తలచుకోనేలేదు; పాడె మోసినవారిలో వారూ ఉన్నారు. ఇంకా ఎవరినైనా మరచి ఉంటే మన్నించి గుర్తుచేయండి, వారి పేర్లూ చేరుస్తాను.