మంజీర ఇసుక మేటలపై గూళ్లను వేసవిలో కాపాడాలి

సంపాదకులకు నమస్కారం.

మంజీరలో నీళ్లు ఎన్ని ఉన్నాయి, ఇసుక ఎవరికి అందుతోంది అన్న చర్చే మన జిల్లాలో ఎప్పుడూ నడుస్తుంది తప్ప, ఆ ఇసుక మీద గుడ్లు పెట్టి బతికే పక్షుల ఊసు ఎవరూ ఎత్తడం లేదు. నిజాంసాగర్ దిగువన, నది కందకుర్తి వద్ద గోదావరిలో కలిసే దాకా, ఒడ్డు వెంబడి పక్షులను గమనించే అలవాటున్నవాడిగా ఈ విషయం మీ దృష్టికి తెస్తున్నాను.

మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి సుమారు 724 కిలోమీటర్లు ప్రవహించే ఈ నదికి, 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక, ఆ తర్వాత ఎగువన సింగూరు కట్టాక మరింతగా, మా వైపు వానాకాలపు వరద తప్ప నిలకడైన ప్రవాహం లేదు. వేసవి వచ్చేసరికి నది మడుగులుగా విడిపోతుంది. ఆ మడుగుల చుట్టూ తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు చేరతాయి. వీటిలో చాలావాటికి చెరువులు, కాలువలు కూడా ఉన్నాయి కనుక నది ఎండినా ఎలాగో బతుకుతాయి. పసుపు ముక్కు, నల్లని నెత్తి, చీలిన తోక గల నదీ టెర్న్ అనే పిట్టకు, దానికంటే చిన్నదైన ప్రాటిన్‌కోల్ అనే పిట్టకు ఆ వెసులుబాటు లేదు. అవి ఫిబ్రవరి నుంచి మే దాకా నది నడుమ ఇసుక మేటల మీదే చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్లు ఇసుక రంగులోనే, మచ్చలతో ఉండటం వల్ల దగ్గరికి వెళ్లినవారికి కూడా కనిపించవు. పొక్లెయిన్ నడిపేవారికి కనిపించే అవకాశమే లేదు.

మేట చుట్టూ నీరున్నంత కాలం కుక్కలు, నక్కలు అక్కడికి చేరలేవు. పక్కన లోతుగా తవ్వితే ఆ గుంటల్లోకి నీరు దిగిపోయి, పాయ ఎండి, మేట ఒడ్డుతో కలిసిపోతుంది. అంటే గూడున్న చోట తవ్వకపోయినా గూడు పోతుంది. ఈ సంగతి తవ్వకాల అనుమతుల్లో ఎవరూ పట్టించుకోవడం లేదన్నదే నా ఆవేదన.

వర్షాకాలంలో నదిలో ఇసుక తవ్వరాదని కేంద్ర పర్యావరణ శాఖ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మంచి నియమమే. కానీ ఈ పక్షులు గుడ్లు పెట్టేది వేసవిలో, సరిగ్గా టిప్పర్లు బారులు తీరే రోజుల్లో. ఎగువన సంగారెడ్డి వైపు 1978లోనే ఏర్పడిన మంజీర వన్యప్రాణి అభయారణ్యంలో మొసళ్లకు, కొంగలకు రక్షణ ఉంది. దిగువన అలాంటిదేదీ లేదు.

ఇళ్లు కట్టుకునేవారికి ఇసుక కావాలి, కాదనను. రీచ్‌లకు, అంటే ఇసుక తవ్వే చోట్లకు, అనుమతి ఇచ్చేముందు, ఏటా జనవరి చివరలో అటవీ సిబ్బంది జాలర్లను, గొర్రెల కాపరులను వెంటబెట్టుకుని మేటలను చూడాలి. ఏ మేట మీద ఏ పక్షి కూర్చుంటుందో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అలా గుర్తించిన మేటలను, వాటి చుట్టూ ఉన్న పాయలను మే నెలాఖరు దాకా తవ్వకాల నుంచి మినహాయించాలి. ఆ నెలల్లో నిజాంసాగర్ నుంచి నదిలోకి నీరు వదలాల్సి వస్తే, ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా వదలాలి. రాబోయే వేసవికి ముందే కలెక్టర్ గారు గనుల, అటవీ, నీటిపారుదల శాఖల అధికారులను కూర్చోబెట్టి దీనిపై ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, బీర్కూర్ మండలం, కామారెడ్డి జిల్లా